పాలు, పాడి, గొడ్డు: తెలుగు కథనంలో ఆవు, దూడ, పితికే చెయ్యి

వ్యాస సంగ్రహం

తెలుగు సాహిత్యంలో ఆవుకూ మనిషికీ ఉన్న సంబంధాన్ని విమర్శ ఎక్కువగా మాతృభావంతోనో ఆస్తిభావంతోనో వివరించింది. పాలు పితికే ఘట్టంలో ఆవు, దూడ, మనిషి మధ్య ప్రతిపూటా జరిగే పంపకం ఈ రెండు వివరణల్లోనూ మరుగునపడింది. ‘పాలు’, ‘పాడి’, ‘గొడ్డు’ అనే మూడు తెలుగు మాటల జంట అర్థాలను ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం భాగవతం, భోజరాజీయం, కాటమరాజు కథలను పునఃపఠనం చేస్తుంది. ఆ పఠనం నుంచి వచ్చిన ప్రశ్నలతో ఉద్దానం తీరంలోని వర్తమాన పాడి జీవనాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పాడి, చేపు, దూడ, పాలికాపు, భాగవతం, భోజరాజీయం, కాటమరాజు కథ, ఉద్దానం.

ప్రవేశిక

ఆవును గురించిన తెలుగు సాహిత్య విమర్శ ప్రధానంగా రెండు దారుల్లో నడిచింది. మొదటిది ఆవును తల్లిగా, దేవతగా, ధర్మానికి ప్రతీకగా చూసే దారి. రెండవది ఆవును వ్యవసాయ సమాజపు సంపదగా, యుద్ధకారణంగా, దానవస్తువుగా చూసే దారి. రెండింటికీ సాహిత్యంలో పుష్కలంగా ఆధారాలున్నాయి. అయితే రెండింటిలోనూ ఒక నిత్యదృశ్యం దాదాపుగా కనిపించదు. తెల్లవారుజామున సాలలో దూడను విడుస్తారు. అది నాలుగు గుక్కలు తాగగానే ఆవు చేపుతుంది. వెంటనే దూడను లాగి తల్లి ముందరికాలి దగ్గర కట్టివేస్తారు. ఆవు దూడను నాకుతూ నిలుచుంటే, పొదుగు దగ్గర కూర్చున్న మనిషి తన వంతు పితుక్కుంటాడు. చివర ఒక చన్ను దూడకు వదలడం మంచి పాడిగల ఇంటి మర్యాద.

ఈ దృశ్యంలో ముగ్గురున్నారు. మాతృభావ విమర్శ ఆవునూ పాలు తాగే మనిషినీ మాత్రమే చూస్తుంది. ఆస్తిభావ విమర్శ యజమానినీ మందనూ మాత్రమే చూస్తుంది. కట్టివేసిన దూడ, పితికే చెయ్యి రెండింటి దృష్టికీ అందవు. ఆ చెయ్యి ఎప్పుడూ యజమానిదే కానక్కరలేదు కూడా.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు తీరాన్ని దృష్టిలో ఉంచుకుంటే ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. ఒకవైపు సముద్రపు వేట, మరొకవైపు నౌపడ ఉప్పుమళ్ళు, వెనుక టెక్కలి వరిపొలాలు, ఉత్తరాన పలాస దాకా విస్తరించిన ఉద్దానపు కొబ్బరి, జీడి, పనస తోటలు. వేటలో దొరికినదాన్ని పడవకూ వలకూ మనుషులకూ వాటాలు వేసుకునే బతుకు, పొదుగులో దొరికినదాన్ని దూడకూ ఇంటికీ కేంద్రానికీ వాటాలు వేసే బతుకు ఇక్కడ పక్కపక్కనే సాగుతాయి. పంపకమే జీవనసూత్రమైన నేల ఇది. పాడిని పంపకంగా చదవడానికి ఇంతకంటె తగిన చోటు ఉండదు.

మూడు మాటలు, ఆరు అర్థాలు

‘పాలు’ అంటే క్షీరం. ‘పాలు’ అంటే భాగం. పాలుపంచుకోవడం, నీటిపాలు కావడం, పాలివాడు అనే ప్రయోగాలన్నీ రెండవ అర్థంలోనివే. ‘పాడి’ అంటే పాల ఉత్పత్తి. ‘పాడి’ అంటే న్యాయం. చేయరాని పనిని ‘పాడి కాదు’ అంటారు. ‘గొడ్డు’ అంటే పశువు. ‘గొడ్డు’ అంటే వంధ్యత్వం. గొడ్డుటావు, గొడ్డురాలు అనే మాటలు రెండవ అర్థాన్ని చెబుతాయి. ఎడతెగని కష్టానికి ‘గొడ్డుచాకిరి’ అనే పేరు మొదటి అర్థం నుంచి వచ్చింది.

ఈ జంటలకు వ్యుత్పత్తి సంబంధం ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. క్షీరార్థకమైన ‘పాలు’నూ భాగార్థకమైన ‘పాలు’నూ బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వేర్వేరు ఆరోపాలుగానే చూపుతుంది. తమిళంలోనూ ‘పాల్’ అనే రూపానికి ఈ రెండర్థాలూ ఉన్నాయి. అంటే ఈ సమరూపత తెలుగుకే పరిమితమైనది కాదు, నిన్నటిదీ కాదు. భాషాశాస్త్రం దీన్ని యాదృచ్ఛికమనవచ్చు. కానీ శతాబ్దాలుగా ఒకే ధ్వనిలో రెండర్థాలనూ వింటున్న సమాజానికి ఆ సామీప్యం ఒక ఆలోచనా సామగ్రి అవుతుంది. సాహిత్య విమర్శకు అవసరమైనది ఆ వినికిడే.

ఆ వినికిడితో చూస్తే మూడు మాటలూ మూడు ప్రశ్నలవుతాయి. పాలు: ఎవరి వాటా ఎంత? పాడి: ఆ పంపకం న్యాయమేనా? గొడ్డు: ఇవ్వడం ఆగిపోయిన జీవికి ఈ సంబంధంలో చోటుందా? ఈ ప్రశ్నలు తెలుగు సామెతల్లోనూ ఉన్నాయి. పాలిచ్చే ఆవు తన్నినా పడాలన్న మాట పితికేవాడి సహనాన్ని పొగుడుతున్నట్టు కనిపిస్తుంది గాని, ఆ సహనానికి షరతు పాలేనని కూడా చెబుతుంది. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అన్న మాట పశువును ఇంటి మనిషితో సమానంగా నిలబెడుతూనే, ఇంట్లోకి వచ్చినదాని మంచిచెడ్డలను ఆ ఇంటి ఫలితంతో కొలుస్తుంది. వ్యవసాయ పదజాలాన్ని జిల్లాలవారీగా సేకరించి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం పాడి పరిభాషను విమర్శకు ముడిసరుకుగా చూడడం నేర్పింది. ఆ సరుకును కావ్యపఠనానికి వాడుకోవడం మాత్రం ఇంకా జరగవలసిన పని.

క్రేపును విడిచిన చెయ్యి

పోతన భాగవతం దశమస్కంధంలో గోపికలు యశోదతో చెప్పుకున్న ఫిర్యాదులు తెలుగువారికి కంఠస్థమైనవి. వాటిలో ఒకటి పాడి దృష్టితో చూస్తే అసాధారణమైనది. పిల్లలకు పాలు లేవని బాలింతలు మొరపెట్టుకుంటూ ఉంటే, కృష్ణుడు పకపక నవ్వి క్రేపులను ఆవులకు విడిచిపెట్టాడన్నది ఆ ఫిర్యాదు. సంస్కృత మూలంలో వేళగాని వేళ దూడలను విప్పుతాడన్న సూచన మాత్రమే ఉంటుంది. పాలులేని పసిబిడ్డనూ బాలింత మొరనూ దానికి ఎదురుగా నిలబెట్టడంతో తెలుగు పద్యంలో ఆ అల్లరికి బరువు పెరిగింది.

వ్యాఖ్యాతలు ఈ ఘట్టాన్ని బాలలీలగా చదివి ఆనందించారు. ఆ ఆనందం సరైనదే. కానీ పద్యంలో ఉన్న సంఘర్షణ నిజమైనది. ఒక పొదుగు, రెండు ఆకళ్ళు. మనిషి బిడ్డ ఆకలి ఒకటి, ఆవు బిడ్డ ఆకలి మరొకటి. మామూలు రోజున ఈ తగవును తీర్చేది పలుపు. దూడ మెడలోని ఆ తాడు ఎవరి వాటా ఎప్పుడో నిర్ణయిస్తుంది. కృష్ణుడు ఆ తాడును విప్పాడు. అంటే పంపకపు నియమాన్ని ఒక్క క్షణం రద్దుచేసి, మొదటి హక్కుదారుకు మొత్తం అప్పగించాడు. మొరపెట్టుకున్న బాలింత కూడా తల్లే కనుక పద్యం సులభమైన తీర్పు ఇవ్వదు. పాలు అనే మాటలోని రెండర్థాలూ ఒకేచోట ఇంతగా పదునెక్కిన సందర్భం తెలుగు కవిత్వంలో అరుదు.

ఆవును తల్లి అనే రూపకానికి ఇక్కడ ఒక పరీక్ష ఎదురవుతుంది. ఆవు తల్లి అయితే పాలు తాగే మనిషి బిడ్డ కావాలి. ఆ రూపకం నిలవాలంటే అసలు బిడ్డ కంటికి కనబడకూడదు. పోతన దృశ్యం ఆ బిడ్డను గుమ్మంలోకి ఉరికిస్తుంది.

దశమస్కంధంలోనే వత్సాపహరణ ఘట్టం ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చెబుతుంది. బ్రహ్మ దూడలనూ గోపబాలకులనూ దాచివేసినప్పుడు కృష్ణుడే ఆ రూపాలన్నీ ధరిస్తాడు. గోవర్ధన శిఖరం మీద మేస్తున్న ఆవులు దూరాన ఆ దూడలను చూసి, పాలు చేపుతూ కిందికి పరుగెత్తుతాయి. అవి పాలు మరిచిన పెద్ద దూడలు. ఆ ఆవులకు తరువాత పుట్టిన లేగలూ ఉన్నాయి. గోపాలకులు వాటిని ఆపబోయి విఫలులై, సిగ్గూ కోపమూ పడతారు. వేదాంతపరంగా దీనికి పరమాత్మ ప్రేమ అనే అర్థం ఉంది. వృత్తిపరంగా చూస్తే ఇది మంద మీద కాపరి పట్టు తప్పిన ఘట్టం. చేపు కాపరి ఆజ్ఞకు లోబడదు. అది ఆవు తన లోపలి నుంచి ఇచ్చే అనుమతి. భాగవత కథకుడికి ఆ సంగతి తెలుసు గనకనే కాపరుల ఓటమిని దాచకుండా చెప్పాడు.

శేషమూ మాటా

పంపకానికి ఒక న్యాయసూత్రాన్ని కాళిదాసు రఘువంశం ద్వితీయ సర్గలో ప్రతిపాదించాడు. నందినిని సేవించి, సింహానికి తన శరీరాన్నే అర్పించబోయిన దిలీపుడికి ఆ ధేనువు ప్రసన్నమై, తన పాలు పితుక్కొని తాగమంటుంది. దిలీపుడు వెంటనే తాగడు. దూడ తాగగా, హోమానికి ఉపయోగించగా మిగిలినదాన్ని, గురువు అనుమతితో, తాను రక్షించే భూమి నుంచి తీసుకునే ఆరవ భాగం వలె స్వీకరిస్తానంటాడు. ఇక్కడ పాలు శేషం, రాజు శేషభోక్త. మొదటి వాటా దూడది. పన్నుతో పోల్చడం వల్ల పాడి అనే మాటలోని రెండర్థాలూ సంస్కృత శ్లోకంలో తెలియకుండానే కలిశాయి. రక్షించినవాడికే భాగం, అదీ మితమైన భాగం.

పదిహేనవ శతాబ్దపు అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం ఈ చిత్రాన్ని తలకిందులు చేస్తుంది. అక్కడ మనిషి ఆవు కోసం ఒళ్ళు అర్పించాడు. ఇక్కడ ఆవు తన మాట కోసం ఒళ్ళు అర్పించడానికి తిరిగివస్తుంది. పులికి చిక్కిన ఆవు, బిడ్డకు కడుపునిండా పాలిచ్చి వస్తానని గడువు అడుగుతుంది. పాలిచ్చి, బుద్ధులు చెప్పి, మాట తప్పక వస్తుంది. పులి దాన్ని విడిచిపెడుతుంది. సత్యవాక్యానికి నిదర్శనంగా పాఠ్యపుస్తకాల ద్వారా తరతరాల తెలుగు పిల్లలకు అందిన కథ ఇది.

ఈ కథలో పాలు పూర్తిగా దూడవే. పులి మాంసాన్ని కోరుతుంది, దూడ పాలను కోరుతుంది. ఆవు ఆ రెండు ఆకళ్ళ నడుమ నిలుచుంటుంది. మనిషి ఈ నైతిక త్రికోణంలో ప్రధాన పాత్ర కాడు. అందువల్లనే ఆవు అంత నిర్మలమైన ధర్మస్వరూపంగా నిలబడగలిగింది. కన్నడంలో ఇదే కథను చెప్పే ‘గోవిన హాడు’తో పోల్చినప్పుడు తేడా తెలుస్తుంది. ఆ పాట కాళింగుడనే గొల్లడితో మొదలవుతుంది. అతడు ఆవులను పేరుపేరునా పిలుస్తాడు; అవి వచ్చి పాలిస్తాయి. పుణ్యకోటి కథలోకి శ్రోత ఆ పిలుపు గుండానే ప్రవేశిస్తాడు. తెలుగు కావ్యం ధర్మచర్చను ముందుకు తెచ్చి పిలిచే గొంతును వెనక్కి నెట్టింది. కన్నడ పాట ఆ గొంతును గడపలోనే నిలబెట్టింది. తెలుగు పాఠకుడు ఆవు–పులి కథను ఆవు–మనిషి కథగా చదువుకోలేకపోవడానికి ఇదొక కారణం.

పిలుపు చిన్న విషయం కాదు. బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కేథరిన్ బెర్టెన్‌షా, పీటర్ రోలిన్సన్ 516 మంది పాడి నిర్వాహకులను ప్రశ్నించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆవులను పేర్లతో పిలిచే చోట ఒక్కొక్క ఆవు పాడికాలంలో సగటున 258 లీటర్ల పాలు అధికంగా ఇస్తున్నట్టు వారు గమనించారు. పేరే పాలు పెంచుతుందని దీన్నిబట్టి తేల్చలేము. పేరు పెట్టే మనిషి మరికొన్ని మంచి పనులు కూడా చేస్తూ ఉండవచ్చు. కాని రంగునూ కొమ్మునూ చుక్కనూ బట్టి ఎర్రావనీ బోడావనీ చుక్కావనీ పిలుచుకునే తెలుగు పల్లె అలవాటు అలంకారం కోసం పుట్టింది కాదని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది.

గడ్డికి వెల

పాలకు ముందు గడ్డి ఉంది. భారతంలోని ఘోషయాత్ర, తెలుగులో ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలోనిది, దుర్యోధనుడు మందలను లెక్కించి దూడలకు గుర్తులు వేయించే నెపంతో మొదలవుతుంది. తిక్కన విరాటపర్వంలో సహదేవుడు విరాటుని గోగణాల పర్యవేక్షకుడిగా చేరతాడు; ఆ గోవులనే కౌరవులు పట్టుకుపోతారు. రెండు చోట్లా ఆవు లెక్కించవలసిన సంపద. సహదేవుడి పశులక్షణ జ్ఞానం మాత్రం లెక్కకు అతీతమైన వృత్తివిద్య. అజ్ఞాతవాసంలో రాజకుమారుడు గోపాలకుడి వేషంలో సుఖంగా ఇమిడిపోయాడంటే, ఆ విద్యకు అప్పటికి ఉన్న గౌరవం అర్థమవుతుంది.

లెక్క పంపకంగా మారి, పంపకం యుద్ధంగా మారిన తెలుగు కథ కాటమరాజుది. గొల్ల సుద్దుల సంప్రదాయంలో వీరగాథగా నిలిచి, తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరణతో అచ్చులో స్థిరపడిన ఈ కథాచక్రంలో, కరవు కాలంలో కాటమరాజు మందలతో నెల్లూరి సీమకు వస్తాడు. బీళ్ళలో మేపుకోవడానికి నల్లసిద్ధిరాజుతో ఒప్పందం జరుగుతుంది. గడ్డికి ప్రతిఫలం పుట్టిన కోడెదూడలు. ఒప్పందం చెడిపోయి, పుల్లరి వివాదం ఎర్రగడ్డపాటి పోరుకు దారితీస్తుంది. నల్లసిద్ధి పక్షాన ఖడ్గతిక్కన పోరాడి మరణించాడు.

ఈ ఒప్పందంలోని వాటా ఏర్పాటు గమనించదగినది. పాలు, పెయ్యలు మందవారివి. కోడెలు నేలవారివి. మంద పెరుగుదలకు కావలసిన ఆడదూడ కాపరి దగ్గర ఉంటుంది. దుక్కికి కావలసిన మగదూడ రాజుకు వెళుతుంది. ఇద్దరి అవసరాలూ తీరే ఈ పంపకంలో కోడెకు విలువ ఉంది. దూడ పలుపు దగ్గర జరిగిన పంపకమే ఇక్కడ రాజ్యాల మధ్య జరిగింది. పాలలో దూడ వాటాను గురించి భాగవతం అడిగింది. గడ్డిలో మంద వాటాను గురించి కాటమరాజు కథ అడిగింది. రెండు ప్రశ్నలనూ కలిపి చదివినప్పుడే పాడి అనే వ్యవస్థ పూర్తిగా కనిపిస్తుంది.

కాటమరాజు ప్రశ్న గతించినది కాదు. భావనపాడు పేరుతోనే తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర భూములను కేటాయించినప్పుడు స్థానికులు ప్రతిఘటించారు. 2011 ఫిబ్రవరి 28న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ముందు 2010 జూలై 14న సోంపేట బీల భూముల విషయంలోనూ కాల్పులు జరిగాయి. తంపర, బీల అనే మాటలు ప్రభుత్వ పత్రాల్లో నిరుపయోగ భూములకు పేర్లు కావచ్చు. చేపకూ పక్షికీ పశువుకూ అవి మేత. పుల్లరి కథను వీరగాథగా మాత్రమే బోధించే తరగతి గదికి ఈ తీరం కొత్త పాఠాంతరాన్ని అందిస్తుంది.

పితికే చెయ్యి ఎవరిది

ఇంతవరకు ‘మనిషి’ అన్న మాట ఒక్కటిగా వాడబడింది. సాలలో ఆ మనిషి ఒక్కడు కాడు. పేడ తీసేవారు, కుడితి పెట్టేవారు, మేతకు తోలేవారు, పితికేవారు, పాలు తాగేవారు వేర్వేరు కావచ్చు. ఉత్తరాంధ్రలో వ్యవసాయపు పనివాడిని కంబారి అంటారు. కోస్తాలో పాలికాపు, పాలేరు అన్న మాటలున్నాయి. పాలికాపు అనే మాటను భాగార్థకమైన ‘పాలు’తో ముడిపెట్టి వివరించడం వాడుకలో ఉంది. భాగం పేరుతో పిలవబడిన ఆ మనిషికి ఆవుపాలలో దక్కిన భాగం ఎంత అన్నది తెలుగు సామాజిక చరిత్ర అడగవలసిన ప్రశ్న. ఇంటి పాడిలో ఎక్కువ పని స్త్రీలది. డబ్బు చేతికందేది తరచుగా పురుషుడికి. ఆవు చచ్చిన తరువాత దాన్ని ఈడ్చుకుపోయే పని మరొక కులానిది. ఒకే జీవి చుట్టూ ఇన్ని చేతులుండగా, గోమాత అన్న ఒక్క మాట వాటన్నిటినీ కప్పివేస్తుంది.

ప్రేమ్‌చంద్ 1936లో రాసిన ‘గోదాన్’ ఈ కప్పును తొలగించిన భారతీయ నవల. గుమ్మంలో ఆవు ఉండాలన్నది హోరీ జీవితాశయం. భోలా దగ్గర అప్పుమీద తెచ్చిన ఆవుకు సొంత తమ్ముడే విషం పెడతాడు. ఆవు బాకీకి ఎడ్లు పోతాయి. చివర హోరీ మరణశయ్య మీద ఉండగా, ధనియా మిగిలిన ఇరవై అణాలను గోదానంగా పురోహితుడి చేతిలో పెడుతుంది. ఆవు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి సంతోషం అబద్ధం కాదు. ఆ సంతోషాన్ని పిండుకునే చేతులు ఎన్ని ఉన్నాయన్నదే నవల లెక్క.

శ్రీకాకుళం జిల్లా రచయిత కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ ఆవును గురించిన కథ కాదు. కాని రుణం వల్ల తరాలకు తరాలు కట్టుబడిపోయే మనుషులను గురించిన ఆ కథ, కంబారి చేతిని చదవడానికి కావలసిన చూపును ఇస్తుంది. తన బిడ్డ ఆ బానిసత్వంలోకి పోకూడదని తండ్రే బిడ్డను చంపిన ఘట్టం తరువాత, పలుపు అన్న మాటను పశువుకు మాత్రమే చెందినదిగా వినడం కష్టం. పశువునూ దాన్ని సాకే పనివాడినీ ఒకే సాలలో, ఒకే రకమైన కట్టుతో నిలిపిన వ్యవస్థలో వారిద్దరి మధ్య ఏర్పడే దగ్గరితనం కావ్యాల్లోని గోభక్తికంటె భిన్నమైనది. ఆ దగ్గరితనానికి తగిన విమర్శ పరిభాష తెలుగులో ఇంకా స్థిరపడలేదు.

చేపు, సూది, వెన్నశాతం

1970లో మొదలైన క్షీరవిప్లవం ఈ సంబంధంలోకి నాలుగో పక్షాన్ని తెచ్చింది. అది పాలకేంద్రం. ఉత్తరాంధ్ర మూడు జిల్లాల పాలనూ విశాఖ డెయిరీ వంటి సంస్థలు సేకరించడం మొదలయ్యాక, ఇంటి వాడకానికి మించిన పాలకు నికరమైన కొనుగోలుదారు దొరికాడు. పూట పూటకు కొలత, పదిహేను రోజులకో పదిరోజులకో చెల్లింపు అన్న క్రమం చిన్న రైతు ఇంటికి, ముఖ్యంగా స్త్రీకి, కొత్త ఆసరా అయింది. ఈ మేలును విస్మరించిన విమర్శ పాక్షికమవుతుంది.

అయితే కొలత మారినప్పుడు సంబంధమూ మారుతుంది. వెన్నశాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం ధరను నిర్ణయిస్తాయి. పొదుగు చివర దిగే పాలలో వెన్న ఎక్కువ. సాంప్రదాయిక మర్యాదలో దూడకు వదిలేది సరిగ్గా ఆ చివరి పాలనే. అంటే దూడ వాటాకు ఇప్పుడు స్పష్టమైన ధర పలుకుతుంది; వదిలిన ప్రతి గుక్కా నష్టంగా లెక్కకు వస్తుంది.

చేపు విషయంలో మార్పు మరింత లోతైనది. దూడ నోటి స్పర్శకో, అలవాటైన చేతి స్పర్శకో ఆవు శరీరంలో ఆక్సిటోసిన్ విడుదలై పాలు దిగుతాయి. భయపడినప్పుడు, కొత్త మనిషి కూర్చున్నప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ దాన్ని అడ్డుకుంటుంది. ‘ఆవు పాలెగబెట్టింది’ అని పల్లెవాసులు చెప్పే మాటకు శాస్త్రం ఇచ్చే వివరణ ఇదే. దూడ చచ్చిపోయినప్పుడు దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టడం పాత ఉపాయం. అదీ మోసమే, కాని ఆవు అనుమతి లేనిదే పాలు రావన్న అంగీకారం ఆ మోసంలో ఉంది. సూదిమందుగా ఆక్సిటోసిన్ ఎక్కించడంలో ఆ అంగీకారమే లేదు. భాగవతంలో గోపాలకులు ఆపలేకపోయిన చేపును, ఇక్కడ మనిషి దూడ లేకుండానే రప్పించగలడు. పితికే చేతికీ ఆవుకూ మధ్య ఉండిన బేరం అక్కడితో ముగుస్తుంది.

సంకరజాతి ఆవుల రాకతో కోడెదూడ స్థితి కూడా మారింది. మూపురం లేని జెర్సీ కోడె నాగలికి పెద్దగా పనికిరాదు. ట్రాక్టరు వచ్చాక నాటు కోడె అవసరమూ తగ్గింది. కాటమరాజు ఒప్పందంలో గడ్డికి వెలగా చెల్లిన జీవి ఇప్పుడు ఎవరి వాటాలోనూ లేదు. వట్టిపోయిన ఆవు పక్కనే అది కూడా ‘గొడ్డు’ అనే మాటలోని రెండవ అర్థంలోకి చేరింది.

తిత్లీ తరువాత

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో దశాబ్దాల వయసున్న కొబ్బరి, జీడి, పనస చెట్లు కూలాయి, పశువులూ చనిపోయాయి. ఇటువంటి సందర్భాల్లో నష్టాన్ని నమోదు చేసే పత్రం కూడా ఒక పాఠమే. విమర్శకు అది పరాయిది కాదు.

విపత్తు సహాయానికి కేంద్ర ప్రభుత్వం 2015–20 కాలానికి నిర్ణయించిన ప్రమాణాల్లో పాడి పశువుల వరుసలో ఆవుకు, గేదెకు 30,000 రూపాయలు, గొర్రెకు, మేకకు 3,000 రూపాయలు చొప్పున ఉంది. పని పశువుల వరుసలో ఎద్దుకు 25,000 రూపాయలు. దూడ పాడి వరుసలో లేదు. పని పశువుల వరుసలో గాడిద, కంచరగాడిదలతో కలిపి దానికి 16,000 రూపాయలు నిర్ణయించారు.

ఈ పట్టికను నిర్దయమైనదని నిందించడం సులభం. నష్టపోయిన కుటుంబానికి ఆ మొత్తం అవసరమైనదే. ఏదో ఒక వర్గీకరణ లేకుండా సహాయం పంచడమూ సాధ్యం కాదు. కానీ వర్గీకరణ ఏమి చెబుతోందో చదవవచ్చు. ఆవును పాలిచ్చే జీవిగా, దూడను రేపు బరువు మోసే జీవిగా విడదీయడంతో తల్లీబిడ్డలు కాగితం మీద రెండు శాఖలకు చెందినవారయ్యారు. ఆవు చేపడానికి దూడ కావాలన్న సాల జ్ఞానం ఆ కాగితానికి చేరలేదు. దూడ పోయిన ఇంట్లో పాడి కూడా దెబ్బతింటుందన్న నష్టానికి ఏ గడీ లేదు. అలవాటైన చెయ్యి తుపానులో పోయినప్పుడు ఆవు పడే బెంగకూ గడి లేదు. ‘పాడి’ అనే మాటకు ఉత్పత్తి అన్న అర్థాన్ని ఆ పత్రం కచ్చితంగా లెక్కించింది. న్యాయం అన్న అర్థాన్ని కొంతమేరకే అందుకోగలిగింది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, తెలుగు సంప్రదాయంలో ఆవు–మనిషి సంబంధాన్ని మాతృభావంతో మాత్రమే వివరిస్తే పోతన పద్యంలోని క్రేపు, కాటమరాజు ఒప్పందంలోని కోడె అర్థరహితమవుతాయి. పంపకమన్న దృష్టి వాటికి స్థానం కల్పిస్తుంది. రెండవది, ఆ పంపకం ఎన్నడూ ఇద్దరి మధ్య జరిగింది కాదు. దూడ, కాపరి, నేల గలవాడు, నేడు పాలకేంద్రం, ప్రభుత్వపత్రం దానిలో పక్షాలు. మూడవది, ఈ సంబంధంలో ప్రేమ లేదని దీని అర్థం కాదు. పేరు పెట్టి పిలవడం, చివరి చన్ను వదలడం, చేపు కోసం వేచి ఉండడం ప్రేమ తీసుకున్న వృత్తిరూపాలు. తన వాటాను తగ్గించుకోవడానికి సిద్ధపడినప్పుడే ఆ ప్రేమకు రుజువు దొరుకుతుంది. దిలీపుడు శేషాన్ని కోరడంలోని గొప్పతనం అదే.

పాడి పరిభాష వేగంగా మారుతోంది. చేపు స్థానంలో సూది, శేషం స్థానంలో శాతం, కోడె స్థానంలో నిరుపయోగం వచ్చి చేరుతున్నాయి. భావనపాడు నుంచి పలాస దాకా ఉన్న సాలల్లో ఇంకా వినబడే పాత మాటలను అక్కడి స్త్రీల నోట, కంబారుల నోట సేకరించి, కావ్యపాఠాల పక్కన పెట్టి చదవవలసిన సమయమిది. తెలుగు శాఖలు ఆ పనికి పూనుకుంటే, ‘పాడి’ అనే మాటకు నిఘంటువుల్లో పక్కపక్కనే ఉన్న రెండర్థాలు విమర్శలోనూ పక్కపక్కన నిలబడతాయి.